చివర కనిపించని పువ్వు

ఐర్లండులో, క్లోన్స్ ఊరికి ఎగువన కొండవాలులో ఒక గడ్డికప్పు ఇల్లు. ఆకలి కరువు వెళ్ళిపోయిన కొన్నేళ్ళకి. అత్త జూడిత్, కొడుకు పోగా మిగిలిన కోడలు నెల్. ఆ ఊరి ఆడాళ్ళు కొక్కెం సూదితో దారం పువ్వులూ ఆకులూ అల్లి లేసుకి అమ్ముకుంటారు.

"మళ్ళీ గోడవైపు తిరిగి కూర్చున్నావా?"

"వెలుతురు ఇటే బాగుందత్తా."

"గోడలోంచి వస్తుందేమిటే వెలుతురు? వాకిలి ఇటుంది, కిటికీ ఇటుంది. నా వీపు చూసుకో అని చెప్పు, ఒప్పుకుంటా."

"ఊరికే... అలవాటు."

"అలవాటట. నా కొడుక్కి పెళ్ళానివై వచ్చావు, నా కుండలో తిన్నావు, నా కొడుకుని స్కాట్లండు కోతలకి పంపి మట్టిలో పెట్టించావు. ఇన్నాళ్ళలో నాకు నీ వీపు తప్ప ఇంకేం చూపించావే?"

"ఫీలిమ్‌ని నేను పంపలేదు. నువ్వే పంపావు."

"నోరు! ఆ పువ్వు చూపించమంటే లేని నోరు దీనికి మాత్రం లేస్తుంది."

"అమ్మకి మాటిచ్చానత్తా. ఈ ఊళ్ళో ఎవరు మాత్రం చూపిస్తారు? ఎవరింటి పువ్వు వాళ్ళది. నీ ఆకు నువ్వు నాకు చూపించావా?"

"నా ఆకు గుట్టు మేకకి కూడా తెలుసే. లేసు కొనే బెస్సీ నా ఆకులు దోసెడు తీసుకుని పిడికెడు మొక్కజొన్న పిండి పోస్తుంది, అదీ మొహం పక్కకి పెట్టుకుని. నీ పువ్వుకైతే వానలో కూడా వాకిట్లో నిలబడుతుంది."

"నేను అల్లుతూనే ఉన్నానుగా. ఆ పిండి నువ్వూ తింటున్నావుగా."

"నీ ఒక్కదాని చెయ్యి చాలదు. గుడి దొరసాని, అదే పాదిరి గారి భార్య, ఆవిడ కూతురికి ఈస్టరు తర్వాత పెళ్ళి. గౌను మెడకీ చేతులకీ అన్నీ గులాబీలే కావాలట. సంచెడు పువ్వులిస్తానని బెస్సీతో చెప్పేశాను. పిండి కూడా ముందే తెచ్చేసుకున్నా."

"ఎవర్నడిగి ఒప్పుకున్నావు?"

"నా ఇంట్లో నేనెవర్నడగాలే?"

"ఇవ్వలేకపోతే?"

"ఇవ్వలేకపోతే ఈ కొంపకి ఇంక దారం ఇవ్వదు. నా ఆకూ పోతుంది, నీ పువ్వూ పోతుంది, మళ్ళీ గట్టు మీద గడ్డి పీక్కోవడమే. మీ అమ్మలాగా."

"అమ్మ మాట ఎత్తకు."

"ఎందుకెత్తకూడదూ? నోట్లో పచ్చగడ్డితో దొరికింది. పళ్ళు గిట్టకరిచి ఉన్నాయి. గుట్టు ఎక్కడ జారిపోతుందో అని కాబోలు. అంత పెద్ద గుట్టేం కాదు కూడా. గుడి దొరసాని దక్షిణాది నుంచి టీచరమ్మని తెప్పించి, ఆ కొక్కెం సూదీ దారమూ ఇచ్చి అందరికీ నేర్పించింది. మీ అమ్మ లోపలికి కూడా పోలేదు. కిటికీలోంచి తొంగి చూసొచ్చింది."

"చెప్పుల్లేవని లోపలికి రానివ్వలేదు. కుట్టు చూసింది కిటికీలోంచే. పువ్వు మాత్రం చూసి అల్లలేదు. కంచె మీద అడవి గులాబీ కోసుకొచ్చి, రేకురేకూ విప్పి పక్కన పెట్టుకుని అల్లింది. కొక్కెం కూడా లేదు. సూది కన్ను విరగ్గొట్టి కర్రకి గుచ్చుకుంది."

"కథలు బాగానే చెబుతావు. నీ చెల్లికి, ఆ వినీకి, చెప్పేదానివి గదా ఇలాగే. అన్నట్టు, దాని ఊసే ఎత్తట్లేదేమిటి ఈ మధ్య? వినీ వినీ అని నా ప్రాణం తీసేదానివి."

"ఎత్తితే ఏం చేశావత్తా?"

"ఇప్పుడు చేస్తానంటున్నా."

"ఏం చేస్తావు?"

"తెప్పిస్తా."

"...ఎవర్ని?"

"నన్ను. ఎవర్నేమిటే, వినీని. ఆ బీదల సత్రంలో గంజినీళ్ళు తాగుతూ ఎన్నాళ్ళుంటుంది?"

"పెళ్ళిలో నేనే అడిగాను నిన్ను. ఈ పిల్లని కూడా రానివ్వు, ఓ మూల పడుంటుందీ అని. ఇంట్లో ఒక్కదానికే చోటుందన్నావు."

"అప్పుడు లేదు. ఇప్పుడు నా కొడుకు చోటు ఖాళీ అయింది కదే. నేనూ నీ పువ్వు అల్లితే ఇంకో నోటికి పిండొస్తుంది. నువ్వు చూపించు, అది వస్తుంది. అంతే లెక్క."

"ముందు అది రానీ. తర్వాత చూపిస్తాను."

"అబ్బో! తర్వాత నువ్వు గోడకి తిరిగి కూర్చుంటే? ముందు పువ్వు."

"ఎలా తెప్పిస్తావు?"

"సత్రం బండి ఈస్టరు ముందొచ్చే మట్టలాదివారం లోపల ఇటు వస్తుంది. బండివాడితో మాట్లాడాను."

"ఏం మాట్లాడావు?"

"మన వాకిట్లో ఆగమన్నాను."

"వినీతోనా?"

"బండి ఆగుతుందన్నానా లేదా?"

"ఒట్టేసి చెప్పు."

"మరియమ్మ తల్లి మీద ఒట్టు. ఆ బండి మన వాకిట్లో ఆగకపోతే నా కళ్ళు పోవాలి."

"వినీ మీద ఒట్టేసి చెప్పు."

"మరియమ్మ తల్లి చాలదటే నీకు?"

"వినీ మీద, అత్తా."

"సరే. వినీ మీద ఒట్టు. అది చల్లగా ఉండాలి."

"ఎక్కడ పడుకుంటుంది?"

"ఎవరు?"

"వినీయే."

"ఆఁ... నీ పక్కనే. ఎక్కడో చోట. పిడికెడు పిల్ల, దానికెంత చోటు కావాలి?"

"సత్రానికి పోయేటప్పుడు నా నడుం దాకా ఉండేది. ఇప్పుడు పెరిగుంటుంది కదత్తా?"

"పెరిగే ఉంటుంది. ఏం, చూపిస్తావా లేదా?"

"చేతులు కడుక్కురా."

"ఏమిటీ?"

"మట్టి తవ్విన చేతులు, గరుకు. దారం పట్టేసుకుంటుంది. మజ్జిగతో రుద్ది కడుక్కురా. చూపిస్తాను."

ఆ మధ్యాహ్నమే, కిటికీ పక్కన.

"అంత గట్టిగా లాగకత్తా. దారం లోపల దారం ఉంది, చూడు. ఈ దళసరి దారం మీదుగా అల్లుకుంటూ పోవాలి. అందుకే రేకు అంచు ఉబ్బెత్తుగా వస్తుంది."

"అది నాకు తెలుసు. నా ఆకుకీ వేస్తా."

"నువ్వు వేసి వదిలేస్తావు. మేం రేకు అయిపోయాక దాన్ని ఇలా వెనక్కి లాగుతాం. లాగు. ఇంకొంచెం. చూశావా, దోసిలిలా ముడుచుకుంది."

"ఓసి దీని దుంపతెగ! ఇదా? ఇన్నాళ్ళూ గంజి పెడుతున్నారనుకున్నా!"

"ఊరంతా అలాగే అనుకుంటారు."

"పక్కింటి పెగీ అయితే గంజిలో పంచదార కూడా కలిపి చూసింది. చీమలు తినేశాయి ఆకుల్ని. హహ! ఆ తర్వాత?"

"కింద వరస, దానిమీద చిన్న వరస, నడుమ బొడ్డు. మూడూ ఒకే దారంతో. తెంపకూడదు."

"తెంపకుండా పైకెలా వస్తావే?"

"రేకు వెనకనుంచి. ఇలా. కొక్కెం పడుకోబెట్టు. అదీ."

"చేతిలో పని బాగానే ఉందే నీకు. మొదటినుంచీ ఇలా ఉంటే నా కొడుకు పోయినా నిన్ను కూతుర్లా చూసుకుందును గదా."

"ఇప్పుడు చూసుకో."

"ఊఁ. తర్వాత?"

"ఇంక చివర. ఇక్కడ ముడి వెయ్యకూడదు."

"ముడి వెయ్యకుండానా? నా ఆకుకి రెండు ముళ్ళు వేస్తా నేను. లేకపోతే ఊడదూ?"

"ముడి వేస్తే కనిపిస్తుంది. మా అమ్మ పువ్వుకి ఎవరికైనా చివర కనిపించిందా? తిరగేసి మరగేసి చూశారు కదా ఊళ్ళో ఆడాళ్ళందరూ. ఎక్కడ మొదలైందో తెలియదు, ఎక్కడ అయిపోయిందో తెలియదు. ఎందుకనుకున్నావు?"

"...ముడి లేదు కాబట్టి."

"దారం చివర ఆ ఉబ్బెత్తు అంచులోకి దోపెయ్యాలి. లోతుగా. అంతే."

"అదా గుట్టు! అదటే! నేను ముడి ఎక్కడుందా అని ఎన్నిసార్లు వెతికానో! నువ్వు నిద్రపోయినప్పుడు కొవ్వొత్తి పెట్టుకుని మరీ వెతికాను."

"తెలుసు. మైనం పడింది ఒకదాని మీద."

"అయినా ఆగుతుందా ఇది?"

"లాగి చూడు."

"...గట్టిగానే ఉంది."

"ఇంకా లాగు."

"ఉంది, ఉంది. నీది ఒకటి ఇలా ఇయ్యి. పక్కన పెట్టి చూసుకుంటా."

"అన్నీ బెస్సీ పట్టుకెళ్ళిపోయింది."

"అబద్ధం. మొన్న నీ పరుపుగడ్డిలో చూశాను, ఒకటుంది. ఇయ్యవే."

"ఇదిగో. నలపకు."

"ఇది బెస్సీ ఎందుకు పట్టుకెళ్ళలేదు?"

"పట్టుకెళ్ళింది. తిరిగొచ్చింది."

"మరకా?"

"మరక లేదు. అక్కర్లేకపోయింది వాళ్ళకి."

"తెల్లగా ఉంది ఇది, ఉతికినట్టుంది. మనింట్లోవన్నీ పొగచూరి నల్లగా ఏడుస్తాయి."

"బెస్సీ ఉతికింది. లేసులోకి అతికేముందు ఆవిడ ఎలాగూ ఉడుకునీళ్ళలో ఉతుకుతుందిగా, ఇంటింటి పువ్వులూ ఒకే రంగుకి రావాలని. మనం ముట్టుకోకూడదు, దారం సాగుతుంది."

"ముట్టుకోను లే. ఏదీ... నీదీ నాదీ ఒకలాగే ఉన్నాయే! నాదే బాగుంది కూడా. కాకపోతే... ఇదేమిటి, నీదానికి ఈ బొడ్డు కింద గట్టిగా తగులుతోంది?"

"ఏం లేదు, దారం పేరుకుంది."

"గింజలా ఉంది. ముడిలా ఉందే."

"ముడెందుకుంటుందత్తా?"

"ఆ సూది ఇలా ఇయ్యి. రేకు ఎత్తి చూస్తా."

"పాడవుతుంది."

"పాడయితే ఇంకోటి అల్లుకో. ఇయ్యి సూది. కిందేముందో విప్పి..."

"అత్తా, ఎవరో వస్తున్నారు!"

"ఎవరు?"

"పెగీ. దొడ్డి దాటింది."

"చచ్చాం! దాచు, దాచు! దారం లాగెయ్! నాది శాలువా కింద పెట్టు!"

"ఇది? ఇదిక్కడే ఉంది!"

"చూస్తుందే, వచ్చేసింది... ఇలా తే!"

"అత్తా! నిప్పులో కాదు! అత్తా..."

"నోర్ముయ్! ...రా రా పెగీ, రా. ఏమిటిలా వచ్చావు?"

"రెండు నిప్పు కణికలు పెడతావేమోనని వచ్చా జూడిత్ పిన్నీ. మా పొయ్యి చచ్చింది. ఏదో కాలుతోందేమిటి?"

"పాత పీలిక."

"ఇద్దరూ శాలువా కింద చేతులు పెట్టుకుని కూర్చున్నారే?"

"చలి."

"పొయ్యి పక్కనా?"

"ముసలి ఒళ్ళు కదే. కణికలు తీసుకుని పో."

"దాచుకోండి, దాచుకోండి. నా చేతులూ ఇప్పుడే శాలువాలోంచి బయటికొచ్చాయి లే. నెల్, ఏమయిందే? ఏడుస్తున్నావా?"

"పొగ, పెగీ."

"పొగే దానికి. కళ్ళు నాజూకు మహారాణికి. వెళ్ళిరా అమ్మా, తలుపు దగ్గరగా వెయ్యి."

"...వెళ్ళిందా?"

"వెళ్ళింది. ఏమిటే ఆ చూపు? ఒక్క పువ్వుకి పీనుగ లేచినట్టు! పెగీ చూసుంటే ఈపాటికి ఊరంతా అల్లేది. ఇంకోటి అల్లుకో."

"అలాగేనత్తా. అల్లుకుంటాను."

మట్టలాదివారం ముందు శుక్రవారం. అదే కిటికీ.

"ఇప్పుడు నువ్వు గోడవైపు తిరిగావేమిటత్తా?"

"పెగీ కూతురు ఊరికే ఇటు తచ్చాడుతోంది. దీని మొహానికి మేకలు ఇక్కడే కావాలా మేపుకోడానికి?"

"సంచి నిండిందా?"

"మూతి కట్టడానికి లేదు. నీవి ఏవో నావి ఏవో నాకే తెలియట్లేదు. బెస్సీ రేపొచ్చి పట్టుకెళుతుంది. ఒక్కటి చూసి నోరు తెరిచింది మొన్న! మీ కోడలి చెయ్యేనా అంది. నాదే అన్నా."

"సంతోషించావా?"

"ఎందుకు సంతోషించనే? దొరసాని నేర్పించినప్పటినుంచీ ఆకులల్లి ఆకులల్లి చేతులు కాయలు కాశాయి. మొదటిసారి నన్ను మనిషిలా చూసింది ఆ ముండ."

"బండి ఇవాళే కదత్తా?"

"ఊఁ."

"పొద్దున్నించీ వినీకి పక్క వేద్దామా అంటే మాట్లాడవేమిటి?"

"ఎందుకంత తొందర? రానీ."

"గంజి కొంచెం ఎక్కువ కాయనా?"

"వద్దు."

"వచ్చేసరికి ఆకలేస్తుంది దానికి."

"వద్దన్నానా? ...అదిగో, చక్రాల చప్పుడు. వచ్చింది."

"నే వెళ్ళి చూస్తా."

"ఉండు. అతనే పిలుస్తాడు."

"ఏమమ్మోయ్! ఎక్కేది ఎవరు? తొందరగా రమ్మనండి, చీకటి పడితే సత్రం గేటు వేసేస్తారు!"

"...ఎక్కేదంటాడేమిటత్తా?"

"మూట కట్టుకో."

"ఎవరి మూట?"

"నీదే. ఆ బండి ఎవర్నీ దింపడానికి రాలేదు. నిన్ను తీసుకెళ్ళడానికి వచ్చింది."

"వినీ?"

"లేదు."

"లేదంటే?"

"లేదంటే లేదే. జ్వరమొచ్చి పోయింది. బ్రిజిత్తమ్మ పండగ ముందే, చలికాలంలోనే, కబురొచ్చింది. నీకు చెబితే ఏడుస్తూ కూర్చుంటావు, పని ఆగిపోతుంది. చెప్పలేదు."

"దాని మీద ఒట్టేశావు."

"చచ్చినదాని మీద ఒట్టేస్తే దానికేం పోతుంది?"

"నన్నెందుకు పంపుతున్నావు? పని చేస్తున్నానుగా?"

"నీ పని నాకొచ్చేసింది. ఇంక నువ్వొక నోరువి. కొడుకు లేడు, మనవడు లేడు, ఏం చూసి పెట్టమంటావే నిన్ను? వెళ్ళు. అక్కడ నీకు కొత్తగా ఏం ఉండదులే. వినీ పడుకున్న మంచం ఖాళీగానే ఉందట, బండాయనే చెప్పాడు."

"సరే."

"సరేనా?"

"మూట కట్టుకునే ఉన్నాను. తలుపు వెనకాల ఉంది. ఈ కొక్కెం ఒక్కటీ తీసుకుంటానత్తా, అమ్మది."

"...తీసుకో. ఏడవవేమిటే నువ్వు?"

"ఏడ్చేశాను."

"ఎప్పుడు?"

"ఉపవాసాలు మొదలయ్యే బూడిద బుధవారం నాడు. బావి దగ్గర."

"బూడిద బుధవారమా? ఏం మాట్లాడుతున్నావు?"

"నెలకో పువ్వు పంపేదాన్ని వినీకి, బెస్సీ చేతికిచ్చి. నీకు చెప్పలేదు. అమ్మ పువ్వు కదా, దారానికి గుచ్చి మెడలో కట్టుకునేదట. ఈసారి బెస్సీ తిరిగి తెచ్చి నా చేతిలో పెట్టింది. తీసుకునేవాళ్ళు లేరే అమ్మాయ్ అంది. నువ్వు నిప్పులో వేసింది అదే."

"అయితే... నేను పువ్వు అడిగింది ఆ తర్వాత కదే."

"అవును."

"చెల్లి లేదని తెలిసీ అడిగావా నన్ను, ఎక్కడ పడుకుంటుందీ, పెరిగుంటుందా అని?"

"నువ్వేం చెబుతావో విందామని."

"తెలిసీ నాకు నేర్పావా?"

"అడిగావుగా."

"అమ్మా, ఎక్కుతారా ఎక్కరా? గుర్రం నిలబడట్లేదు!"

"కాసేపు ఆగవయ్యా! ...నెల్. నెల్, మూట కింద పెట్టు. ఇటు తిరుగు. ఆ రోజు నీదానికి బొడ్డు కింద గట్టిగా తగిలింది. గింజలా. ఏమిటది?"

"దారం పేరుకుందన్నానుగా."

"నా మొహం చూసి చెప్పు. రేపు పొద్దున్న బెస్సీ వస్తుందే. దొరసాని కూతురి పెళ్ళిగౌనే అది! పిండి తినేశాం, నేనేం... ఉండు, బండివాణ్ణి పంపించేస్తా. నువ్వెక్కడికీ పోవద్దు. ఈ ఇల్లు నీదే, కూతురా, నా మాట విను. చెప్పు. నువ్వు నాకు నేర్పింది ఏమిటి?"

"పువ్వే అత్తా. ఉడుకునీళ్ళలో వేసేదాకా పువ్వే."